వాయిదా పడిన ప్రశ్న

భర్త చనిపోయాడని తవిటమ్మకు టీవీలో తెలిసింది.

ఆ సోమవారం జాలరిపేటలో ఒక్క తెప్ప కూడా సముద్రం మీదికి వెళ్లలేదు. తమ ఎంపీ నీలకంఠం పార్లమెంటులో మంత్రిని నిలదీస్తాడనీ, ప్రశ్నోత్తరాలను దూరదర్శన్‌లో నేరుగా చూపిస్తారనీ తెలిసి పేటంతా ఆయన ఇంటి ముందు చేరింది. తవిటమ్మ టీవీని గుమ్మంలోకి జరిపించింది. పదకొండు గంటలకు స్పీకర్ లేచి ఏదో చదివారు. సభంతా లేచి నిలబడింది. ఇంగ్లిషు తెలిసినవాళ్లు ముందు నోరు నొక్కుకున్నారు. మిగతావాళ్లకు నీలకంఠం పేరొక్కటే అర్థమైంది. ఆ తర్వాత జవాబు చెప్పాల్సిన మంత్రే లేచి, సముద్రపుత్రుణ్ని సముద్రమే తన ఒడిలోకి తీసుకుందని సంతాపం తెలిపాడు. సభ మర్నాటికి వాయిదా పడింది.

తొమ్మిది రోజుల తర్వాత డిటెక్టివ్ అనూరాధ ఆ ఇంటి గచ్చు మీద కూర్చుని, ఆ రోజు సంగతులు మొదటినుంచి అడుగుతోంది. ఆమె ఒకప్పుడు ఎస్సై. ఒక లాకప్ చావు కేసులో పైవాళ్లు రాయమన్నట్టు రాయలేక ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు సొంతంగా చిన్నాచితకా దర్యాప్తులు చేసుకుంటోంది. నీలకంఠం ఈతకు దిగాడని, గుండె ఆగిపోయిందని పోలీసులు కేసు మూసేశాక తవిటమ్మే ఆమెను పిలిపించింది.

"ఆదివారం ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరారు?"

"మద్దేనం బువ్వ తిని ఎల్లిపోనాడమ్మా. సాయంత్రం ఇమానం. మా తమ్ముడే కారు తెచ్చినాడు."

"మణికంఠ. ఆయన పి.ఏ."

"పి.ఏ. ఏటి, కొడుకే అనుకో. మాయమ్మ పోయినప్పటికి ఆడికి పాలు మానలేదు. నానే పెంచినాను. మా ఆయన సదివించి, ఎంపీ అయినాక డిల్లీ కూడా ఎంటబెట్టుకెల్లినాడు."

"ఏ బట్టల్లో వెళ్లారు?"

"డిల్లీ బట్టలే. తెల్ల పేంటు, బూట్లు. ఆ బూట్లంటే ఆయనకి ఒల్లుమంట. ఇంటికొచ్చిన రోజు గుమ్మంలోనే ఇప్పి ఇసిరేసేవోడు."

"విమానం ఎక్కలేదని మీకెప్పుడు తెలిసింది?"

తవిటమ్మ టీవీ వైపు చూసింది. "టీవీలో సెప్పినాకే. అందాకా డిల్లీలో ఉన్నాడనే అనుకున్నాను. అందరూ నిలబడితే, ఆల్ల మద్దిలో ఈయనెక్కడున్నాడా అని ఎతుకుతన్నాను."

ఆమె ఏడవలేదు. తొమ్మిది రోజుల్లో ఆ పని అయిపోయినట్టుంది.

నీలకంఠం అడగబోయిన ప్రశ్న పేటలో అందరికీ కంఠతా వచ్చు. కిందటేడు మంచులో సింధుతేజ అనే కంపెనీ డ్రెడ్జరు, అంటే సముద్రం అడుగున ఇసుక తవ్వే ఓడ, జాలరిపేట పడవనొకదాన్ని గుద్దేసింది. పడవలో ఉన్నవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఆ రోజు డ్రెడ్జరు మరమ్మతులో ఉందని, కదలనే లేదని మంత్రి సభలో జవాబిచ్చాడు. మంత్రి అబద్ధం చెప్పాడని నీలకంఠం అక్కడే లేచి అన్నాడు. ఆ మాటను రికార్డులోంచి తీసేశారు. నాలుగు నెలలు తిరిగి, ఆ ఓడలోనే పనిచేసిన నావికుణ్ని ఒకణ్ని పట్టుకున్నాడు. మళ్లీ ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న సోమవారం జాబితాలో మొట్టమొదటిది.

"ఎవుడు సేసినాడో కనిపెట్టమ్మా," అంది తవిటమ్మ. "ఆయన లేచి రాడని నాకూ తెలుసు. అయినా తెలియాల."

* * *

శవం దొరికిన చోటు తగరపువలస దాటి భీమిలి వైపు తిరిగాక వచ్చే ఒక చిన్న రేవు. అనూరాధ వెళ్లేసరికి శవాన్ని మొదట చూసిన వరహాలు వల బాగుచేసుకుంటున్నాడు. నీలకంఠానికి వేలువిడిచిన మేనల్లుడి వరస.

"ఎక్కడ?"

వరహాలు లేచి ఇసుక మీద ఒక చోటు చూపించాడు. ఒడ్డు అక్కడ లోపలికి వంగి ఉంది. పైన సరుగుడు తోట, దాని పక్కనుంచి కారు పట్టేంత మట్టి దారి. అనూరాధ ఆ దారి చివరిదాకా నడిచింది. అది ఒక పెంకుల బంగళా గేటు దగ్గర ఆగింది. గేటుకు తాళం వేసి ఉంది. తాళం కొత్తది. గేటు మీద బోర్డు పీకేసిన చోట నాలుగు మేకుల కన్నాలు మిగిలాయి.

"ఇదెవరిది?"

"ఆ తవ్వుడు ఓడోల్లదే. పెద్దోల్లొస్తే ఉంటారు. మామ సచ్చిన మర్నాడే బోర్డు ఇప్పేసినారు."

"శవం ఎలా ఉంది?"

"మొకం కిందికి. తెల్ల పేంటు. కాల్లకి బూట్లు, లేసులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి." వరహాలు గొంతు తగ్గించాడు. "పోలీసోల్లు ఈతకి దిగినాడంటన్నారు. మాలో ఎవుడైనా బూట్లతో గంగమ్మలో దిగుతాడేటమ్మా? నాను ఆ మాట సెప్తే ఆ సీఐ బాబు రాసుకోలేదు."

"ఏ వేళప్పుడు చూశావు?"

"మద్దేనం. ఈ పక్క బడి పిల్లల్ని బువ్వకి ఒదిలేసినారు. ఆల్లు కూడా పరిగెత్తుకొచ్చి సూసినారు. సిన్నపిల్లలు సూడకూడదని నానే తోలీసినాను."

అనూరాధ తిరిగి అతని వైపు చూసింది. "పొద్దున్న కాదా? తొమ్మిదింటికి కాదా?"

"తొమ్మిదింటికి నాను నీల్ల మీదున్నాను. ఒడ్డున ఏటీ లేదు. మద్దేనం నాను వస్తన్నప్పుడే కెరటం తెచ్చి పడేసింది."

అనూరాధ గంటలు లెక్క వేసుకుంది. శవం దొరికింది మధ్యాహ్నం. స్పీకర్ సంతాపం చదివింది పదకొండు గంటలకు. సముద్రం ఇంకా బయటపెట్టని శవం సముద్రంలో ఉందని మంత్రికి ముందే తెలుసు.

వెనక జీపు ఆగిన చప్పుడైంది. సీఐ గవర్రాజు దిగి ఇసుకలో బరువుగా నడిచి వచ్చాడు. అనూరాధ ఎస్సైగా ఉన్నప్పుడు ఆయనే ఆమె పైఅధికారి. ఆ లాకప్ చావు కేసులో సంతకం పెట్టింది ఆయనే.

"వరహాలూ, నువ్వెళ్లు," అన్నాడు. అతను వెళ్లేదాకా ఆగి, "ఇక్కడ నీకేం పని అనూరాధా?" అన్నాడు.

"మీ పంచనామాలో శవం ఉదయం తొమ్మిదింటికి దొరికిందని ఉంది సార్."

"ఉంది."

"మీరిక్కడికి వచ్చింది ఎప్పుడు?"

"మూసేసిన కేసు. నీకు జవాబు చెప్పాల్సిన అవసరం నాకు లేదు."

"బడిపిల్లలంతా చూశారు సార్. వాళ్లందరి చేతా తొమ్మిదని చెప్పిస్తారా?"

గవర్రాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కోప్పడతాడనుకుంది. ఆయన సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను వచ్చేసరికి ఒంటిగంట దాటింది," అన్నాడు చివరికి. "అప్పటికే టీవీలో చెప్పేశారు. ఒంటిగంట అని రాస్తే పదకొండింటికి ఎలా తెలిసిందని అడుగుతారు కదా. తొమ్మిదని రాయమన్నారు. రాశాను."

"ఎవరు?"

"నాకు ఇద్దరు ఆడపిల్లలు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఎవరని అడక్కు."

"చంపారని మీకు తెలుసు."

"తెలుసు. తెలిస్తే ఏం చెయ్యమంటావు? నువ్వు ఒకసారి ఉద్యోగం వదిలేశావు. ఏమైంది? ఆ కుర్రాడు బతికొచ్చాడా? నీ కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. వాడు నాకంటే బాగా రాస్తున్నాడు."

అనూరాధ ఒకడుగు దగ్గరికి వచ్చింది.

"ఒక మనిషి నోరు తెరిస్తే?" అంది. "మేజిస్ట్రేటు ముందు. అప్పుడైనా మీరు అడ్డం రాకుండా ఉంటారా?"

గవర్రాజు టోపీ పెట్టుకున్నాడు. "అలాంటి మనిషి ఉంటే నాకు చెప్పు. ఈ ఒక్కటైనా సరిగ్గా చేసి పోతాను," అని జీపెక్కాడు.

* * *

ఎంపీ ఆఫీసు గోపాలపట్నం మెయిన్‌రోడ్డు మీద, ఒక బట్టల కొట్టు పైన ఉంది. అనూరాధ వెళ్లేసరికి సాయంత్రమైంది. మణికంఠ ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. గడ్డం పెరిగింది. నీలకంఠం ఫోటో ఎదురుగా ఉన్న కుర్చీలో కాకుండా, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"మీ బావగారిని ఎయిర్‌పోర్టులో దించారా?"

"దించాను మేడం. లోపలికి వెళ్లారు. తర్వాత ఎందుకు బయటికొచ్చారో నాకు తెలీదు."

"సరే. నాకు పార్లమెంటు సంగతులు తెలీవు. మీకు బాగా తెలుసట. ప్రశ్న వేసిన సభ్యుడు ఆ రోజు సభలో లేకపోతే ఏమవుతుంది?"

ఆ ప్రశ్నకు అతను కొంచెం తేరుకున్నాడు. తెలిసిన విషయం. "సీట్లో లేకపోతే ఆ ప్రశ్న పిలవరండి. రాసిన జవాబు బల్ల మీద పెట్టేస్తారు. దాని మీద ఎదురు ప్రశ్నలు ఉండవు. అసలు మంత్రిని ఇరికించేది ఎదురు ప్రశ్నలే కదా. మా బావ అందులో దిట్ట."

"అంటే ఆయన విమానం ఎక్కకుండా ఆపితే చాలు. చంపక్కర్లేదు."

"మేడం, అది ప్రమాదం—"

"మరి ఎందుకు చంపారో అదే నాకు అర్థం కావడం లేదు. ఒక్క రోజు ఏ గదిలోనో పెట్టి తాళం వేస్తే సరిపోయే పనికి ఎంపీని చంపే మూర్ఖుడెవడు? ఆ ప్రశ్న మీద మీ బావగారి పేరొక్కటే ఉందా?"

"రెండు పేర్లు ఉన్నాయి. అదే ప్రశ్న ఇంకొకాయన కూడా పంపారు. కేరళ సభ్యుడు. రెండూ కలిపేశారు."

"మీ బావ రాకపోతే?"

"ఆయన్ని పిలుస్తారు."

"ఆయన అడిగేవాడు. అంటే మీ బావని గదిలో పెట్టినా ప్రశ్న ఆగదు. మరి ఆ రోజు ప్రశ్న ఎలా ఆగింది మణికంఠా?"

కింద రోడ్డు మీద బస్సులు ఆగకుండా హారన్ కొడుతున్నాయి.

"సభ్యుడు చనిపోతే సంతాపం చెప్పి సభ ఆ పూటకి వాయిదా వేస్తారు," అంది అనూరాధ. "ప్రశ్నలన్నీ పోతాయి. కానీ సభ మొదలయ్యేలోపు ఆ కబురు ఢిల్లీకి అందాలి. ఎవరు అందించారు?"

"నేనే. సీఐగారు తొమ్మిదింటికి ఫోన్ చేసి శవం దొరికిందన్నారు. నేను ఢిల్లీకి చెప్పాను."

"శవం దొరికింది మధ్యాహ్నం. సీఐ అక్కడికి వెళ్లింది ఒంటిగంటకి. ఆ మాట ఈ రోజు ఆయనే నాతో అన్నాడు. ఎంపీ పోయాడని నువ్వు ఢిల్లీకి చెప్పావు, ఇంట్లో మీ అక్కకు చెప్పలేదు. ఆవిడ టీవీ ముందు కూర్చుని ఉందని నీకు తెలుసు."

మణికంఠ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అనూరాధ ఆగింది. అతను మాట్లాడినప్పుడు ఢిల్లీ తెలుగు లేదు, పేట తెలుగే వచ్చింది.

"ఒక్క రాత్రి ఉంచుతామన్నారు. అంతే అన్నారు. నిజం సెప్పిన ఆ ఓడ మనిషి బంగళాలో ఉన్నాడు, ఇమానానికి టైముంది, సూసి ఎల్దాం అని బావతో నానే సెప్పినాను. నమ్మి ఒచ్చినాడు. నాను పిలిస్తే ఎప్పుడూ ఎందుకని అడగడు."

"తర్వాత?"

"లోపలికి తీసుకెల్లినారు. అప్పుడు ఆ కంపెనీ పెద్దమనిషి అడిగినాడు, ఈయన లేకపోతే రేపు ప్రెశ్న పోయినట్టేనా అని. లేదండి, రెండో పేరుంది అన్నాను. మరెలా ఆగుతాదన్నాడు." మణికంఠ చేతులు ముఖం మీంచి తీశాడు. "సభ్యుడు పోతే తప్ప ఆగదండి అన్నాను. నవ్వుతా అన్నాను మేడం. రూల్ అడిగితే రూల్ సెప్పినాను. ఆడు కూడా నవ్వినాడు."

గదిలో చీకటి పడుతున్నా ఇద్దరిలో ఎవరూ లైటు వెయ్యలేదు.

"పొద్దున్న ఫోన్ చేసి, 'సభ్యుడు పోయాడు, మంత్రిగారి పేషీకి చెప్పు, మిగతాది వాళ్లు చూసుకుంటారు' అన్నారు. సెప్పినాను. పేషీ వాల్లు ఎలా పోయారని కూడా అడగలేదు."

"నీకేమిస్తామన్నారు?"

"బావ సీటు. ఉప ఎన్నికలో టికెట్టు." అతను ఫోటో వైపు తిరగకుండానే వేలు వెనక్కి చూపించాడు. "ఆయనలా లేచి నిలబడి మాట్లాడాలని నాకు సిన్నప్పట్నించీ ఉండేది."

అనూరాధకు అతని మీద అసహ్యం కలగాలి. కలిగింది కూడా. కానీ దానికంటే పెద్ద నీరసమేదో ఆవరించింది. ఒక మనిషి నాలుగు నెలలు తిరిగి కూడగట్టిన నిజం ఇంట్లో పెరిగిన పిల్లవాడి ఒక్క మాటతో మునిగిపోయింది.

"రేపు పొద్దున్న మేజిస్ట్రేటు ముందు ఇదంతా చెప్పు," అంది.

"సెప్తే అక్క ఏటవుద్ది?"

"చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించు. నువ్వు ఎంపీవి అవుతావు. మీ అక్క నీకు హారతిస్తుంది. తీసుకోగలవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. పొద్దున్నే ఈ ఆఫీసు దగ్గరికే వస్తానన్నాడు.

అనూరాధ కిందికి దిగి పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌లోంచి గవర్రాజుకి ఫోన్ చేసింది. మణికంఠ పేరు చెప్పింది. రేపు కోర్టుకి వెళ్లేదాకా ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టమంది. ఆయన "పంపిస్తాను," అన్నాడు.

* * *

పొద్దున్న తొమ్మిది కాకుండానే కబురు వచ్చింది. గోపాలపట్నం రోడ్డు దాటుతుంటే మణికంఠను లారీ గుద్దేసింది.

అనూరాధ ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. మార్చురీ ముందు ఇనుప గ్రిల్ ఉన్న వరండాలో తవిటమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. చీర అంచుకు రక్తం అంటుకుంది. ఆ మూల గవర్రాజు, ఆయన వెనక మఫ్టీలో ఒక కానిస్టేబులు. అనూరాధ నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"కాపలా పంపిస్తానన్నారు."

"పంపాలంటే పైన అడగాలి కదా. అడిగాను."

"ఎవర్ని అడిగారు?"

గవర్రాజు ఆమె కళ్లలోకి చూడలేదు. "నువ్వు నిన్న రేవులో అన్నప్పుడు నిజంగానే అనుకున్నాను, ఈ ఒక్కటీ సరిగ్గా చేద్దామని. రాత్రి ఫోన్ చేతిలోకి తీసుకున్నాక చెయ్యి అలవాటైన నంబరే తిప్పింది." ఆయన గొంతు మళ్లీ గట్టిపడింది. "లారీ కింద అతనే పడ్డాడని చూసినవాళ్లు చెబుతున్నారు. నిన్న సాయంత్రం నువ్వు వెళ్లి బెదిరించావని కింద బట్టల కొట్టువాళ్లు చెబుతున్నారు. నీ మీద కేసు రాయమంటున్నారు. ఊరు వదిలి పో అనూరాధా. నేను చెయ్యగలిగిన సాయం అదే."

నోరు తెరిచిన ఒక్క మనిషినీ తనే వాళ్లకు అప్పగించింది. అనూరాధ వెనక్కి వచ్చి తవిటమ్మ పక్కన కూలబడింది. ఏం చెప్పాలో తెలియలేదు. నీ మొగుణ్ని పట్టించింది నీ తమ్ముడే అని చెప్పాలా? అతన్ని చంపించింది నా ఫోనే అని చెప్పాలా?

"తవిటమ్మా, మీ తమ్ముడు..."

"రాత్రి ఆడే సెప్పినాడు," అంది తవిటమ్మ.

అనూరాధ ఆమె వైపు తిరిగింది.

"నా కాల్ల మీద పడి అంతా సెప్పినాడు. కొట్టినాను. సెయ్యి నొప్పెట్టిందాకా కొట్టినాను. మరి పొద్దున్నే బువ్వెట్టినాను. నానూ కోర్టుకొస్తాను పద అన్నాను." ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది. "ఆడి ఎనకాలే ఉన్నానమ్మా. రోడ్డు మీద ఆడు పడలేదు. లారీ ఆగి ఉంది. ఆడు రోడ్డు మీదికి దిగేదాకా ఆగి, అప్పుడు కదిలింది. తోలినోడి మొకం నాను సూసినాను."

"ఎవరు?"

తవిటమ్మ తల తిప్పలేదు. "ఆ సీఐ ఎనకాల నిలబడ్డాడు సూడు. ఆడే."

మఫ్టీ కానిస్టేబులు గోడకు ఆనుకుని సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. గవర్రాజు కాగితం, సిరా డబ్బా పట్టుకుని వాళ్ల వైపే వస్తున్నాడు.

"ఏమీ మాట్లాడకండి," అంది అనూరాధ గబగబా. "ఇక్కడ కాదు. ఇప్పుడు కాదు."

"మరెక్కడమ్మా? డిల్లీలో సెప్తానన్నోడు పోయాడు. కోర్టులో సెప్తానన్నోడు పోయాడు."

గవర్రాజు వంగి కాగితం చాచాడు. "అతనే పడ్డాడని రాశాం అమ్మా. వేలిముద్ర వెయ్యి. శవాన్ని ఇచ్చేస్తారు." అనూరాధ వైపు చూశాడు. "ఏమంటోంది ఆవిడ?"

"ఏమీ అనలేదు," అంది అనూరాధ.

తవిటమ్మ గోడ పట్టుకుని లేచింది. కాగితం వైపు చూడలేదు. గవర్రాజుని దాటి వెళ్లి, కానిస్టేబులు ఎదురుగా నిలబడింది. పేటలో నలుగురి మధ్య మాట్లాడేటప్పటి గొంతుతో, వరండా అంతా వినబడేలా అంది.

"లారీ తోలింది నువ్వే. నాను సూసినాను."

మార్చురీ ముందు వరండాలో ఆ నలుగురు తప్ప ఎవరూ లేరు. కానిస్టేబులు సిగరెట్ కింద పడేశాడు. గవర్రాజు ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, అవతలి గోడ వైపు తిరిగాడు. కానిస్టేబులు తాపీగా నడిచి వెళ్లి గ్రిల్ తలుపు లాగి లోపలినుంచి గడియ పెట్టాడు.

అనూరాధ పరుగున వెళ్లి తవిటమ్మ చెయ్యి పట్టుకుంది.